ర్యాంకుల జాబితాలో కానరాని బీబీఏ

* డిగ్రీ స్థాయి మేనేజ్‌మెంట్‌ విద్యకు జాతీయ కొలమానమే లేదు
* స్థానాలు పీజీవి... ప్రచారం డిగ్రీది
* అంకెలు అడిగి చేరితేనే సిక్కోలు విద్యార్థికి మేలు

ఎచ్చెర్ల: ఇంటర్మీడియట్‌ ఫలితాలు వెలువడింది మొదలు డిగ్రీ ప్రవేశాల గడువు ముగిసే వరకు విద్యాసంస్థల ప్రచారంలో పదేపదే వినిపించే మాట ‘జాతీయ స్థాయి ర్యాంకు’. విశాఖ, హైదరాబాద్‌, బెంగళూరు, చెన్నై నగరాల్లో బీబీఏ చదివించేందుకు లక్షల రూపాయలు వెచ్చించడానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రులు సిద్ధపడటానికి ఈ మాటే ప్రధాన కారణమవుతోంది. అయితే ఆ ర్యాంకు ఏ విభాగంలో వచ్చింది, ఏ సంవత్సరానిది, తమ బిడ్డ చేరబోయే కోర్సుకు దానితో సంబంధం ఉందా అని ఆరా తీసేవారు అరుదు. ఆరా తీస్తే తేలే విషయం ఒక్కటే. కేంద్ర ప్రభుత్వం ఏటా ప్రకటిస్తున్న ర్యాంకుల్లో బీబీఏకు ప్రత్యేక జాబితా ఏదీ లేదు. లేని ర్యాంకును చూసి కళాశాలను ఎంచుకోవడం, ఆ ర్యాంకు లేదన్న కారణంతో ఇంటి దగ్గరి కళాశాలను చిన్నచూపు చూడటం రెండూ పొరపాటే.

జాబితా కొలిచేది దేనిని?

జాతీయ విద్యాసంస్థల ర్యాంకింగ్‌ విధానాన్ని (ఎన్‌ఐఆర్‌ఎఫ్‌) అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ 2015 సెప్టెంబరులో ప్రారంభించింది. తొలి జాబితా 2016లో వెలువడింది. విశ్వవిద్యాలయాలు, ఇంజినీరింగ్‌, మేనేజ్‌మెంట్‌, ఫార్మసీ అనే నాలుగు విభాగాలకే అప్పట్లో అది పరిమితం. ఆ ఏడాది 3,565 సంస్థలు తమ వివరాలు సమర్పించాయి. డిగ్రీ కళాశాలల విభాగం 2017లో చేరింది. క్రమంగా కొత్త విభాగాలు కలుస్తూ వచ్చి 2025 సెప్టెంబరు 4న విడుదలైన జాబితా నాటికి వాటి సంఖ్య 17కు పెరిగింది. ఈ 17 విభాగాల్లో డిగ్రీ స్థాయి మేనేజ్‌మెంట్‌ విద్యకు ఒక్కటీ కేటాయించకపోవడం గమనార్హం.

మేనేజ్‌మెంట్‌ పేరుతో ఉన్న విభాగం ప్రధానంగా ఎంబీఏ, పీజీ డిప్లొమా నడిపే సంస్థల కోసం ఉద్దేశించింది. 2025లో అహ్మదాబాద్‌, బెంగళూరు, కోజికోడ్‌ ఐఐఎంలు మొదటి మూడు స్థానాలను దక్కించుకోగా, ఢిల్లీ ఐఐటీ నాలుగో స్థానంలో నిలిచింది. ఈ విభాగంలో 100 మార్కులను ఐదు అంశాలకు పంచారు. బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, పట్టభద్రుల ఫలితాలకు 20, అన్ని వర్గాలకు, ప్రాంతాలకు అందుబాటుకు 10, పేరు ప్రతిష్ఠలకు 10 మార్కులు ఉంటాయి. పరిశోధన పత్రాలు, పేటెంట్లు, ప్రాజెక్టులతో నిమిత్తం లేకుండా బీబీఏ మాత్రమే నడిపే కళాశాల ఈ జాబితాకు దరఖాస్తు చేసినా 30 మార్కులు ముందుగానే వదులుకోవాల్సి ఉంటుంది. పాఠం ఎంత బాగా చెప్పినా ఆ లోటు పూడదు.

విశాఖ ఐఐఎం చెబుతున్నదేమిటి?

ఈ ప్రాంతానికి అతి చేరువలో ఉన్న ఉదాహరణ విశాఖపట్నం ఐఐఎం. 2015లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తరగతులు ప్రారంభించిన ఈ సంస్థ తరువాత గంభీరంలోని శాశ్వత ప్రాంగణానికి తరలింది. మేనేజ్‌మెంట్‌ విభాగంలో 2022లో 33వ స్థానం, 2023లో 29వ స్థానం, 2024లో 26వ స్థానం సాధించింది. పదేళ్లు నిండకుండానే తొలి 30 సంస్థల్లో చోటు దక్కడం ఉత్తరాంధ్రకు గర్వకారణమే. కానీ అది పీజీ విద్యకు లభించిన గుర్తింపు. ఇంటర్‌ పూర్తిచేసిన విద్యార్థి ఎక్కడ బీబీఏ చదవాలన్న ప్రశ్నకు ఆ స్థానం సమాధానం చెప్పదు.

ఇదే జాబితాలో కనిపించని ప్రఖ్యాత సంస్థలూ ఉన్నాయి. 2001లో హైదరాబాద్‌ గచ్చిబౌలిలో మొదలైన ఇండియన్‌ స్కూల్‌ ఆఫ్‌ బిజినెస్‌ లండన్‌కు చెందిన ఫైనాన్షియల్‌ టైమ్స్‌ ర్యాంకుల్లో ఏళ్ల తరబడి చోటు పొందుతున్నా కేంద్ర ప్రభుత్వ జాబితాల్లో దాని పేరు కనిపించలేదు. వివరాలు సమర్పించిన సంస్థలకే ర్యాంకు ఇవ్వడం ఈ విధానంలోని మౌలిక నియమం. కనుక జాబితాలో పేరు లేకపోవడం నాణ్యత లేమికి రుజువు కాదు.

కళాశాలల విభాగంలోనూ కలగాపులగం

బీబీఏకు పరోక్షంగా స్థానం కల్పించే విభాగం ఒక్కటే. అది డిగ్రీ కళాశాలల జాబితా. ఇక్కడ బోధన, వనరులకు 40 మార్కులు ఉండటం, పరిశోధన బరువు తగ్గడం డిగ్రీ చదువుకు కొంత అనుకూలం. కానీ బీఏ, బీఎస్సీ, బీకాం, బీబీఏ అన్నింటినీ కలిపి కళాశాలకు ఒకే స్థానం ఇస్తారు. 2017 నుంచి 2023 వరకు వరుసగా ఢిల్లీలోని మిరాండా హౌస్‌ అగ్రస్థానంలో నిలిచింది. 2024, 2025 సంవత్సరాల్లో హిందూ కళాశాల ఆ స్థానాన్ని అందుకుంది. ఈ రెండూ ప్రధానంగా సైన్స్‌, ఆర్ట్స్‌ బోధనకు పేరొందిన కళాశాలలే. వీటి ర్యాంకును బట్టి మేనేజ్‌మెంట్‌ బోధన తీరును అంచనా కట్టలేం.

తొలి 100 కళాశాలల్లో తమిళనాడు ఒక్కటే దాదాపు మూడో వంతు స్థానాలు కైవసం చేసుకుంటుండగా, ఢిల్లీ, కేరళ, పశ్చిమ బెంగాల్‌ తరువాతి వరుసలో ఉంటున్నాయి. ఆంధ్రప్రదేశ్‌ కళాశాలల పేర్లు వెతికి చూడాల్సిన పరిస్థితి. తమిళనాడులో దశాబ్దాల చరిత్ర గల ఎయిడెడ్‌, స్వయంప్రతిపత్తి కళాశాలలు ఎక్కువగా ఉండటం, వివరాల సమర్పణకు అవి ముందుకు రావడం ఇందుకు ప్రధాన కారణాలు. విజయనగరంలో 1879లో కళాశాల స్థాయి పొందిన మహారాజా కళాశాల వంటి ఘన చరిత్ర గల సంస్థలకు నెలవైన ఈ ప్రాంతం జాతీయ జాబితాలో వెనుకబడటం శోచనీయం.

ప్రైవేటు పత్రికలు ప్రకటించే ర్యాంకుల్లో మాత్రం బీబీఏకు ప్రత్యేక విభాగం కనిపిస్తుంది. 1997 నుంచి కళాశాలల సర్వే నిర్వహిస్తున్న ఇండియా టుడే వంటి పత్రికలు బీబీఏ కళాశాలలను వేరుగా లెక్కిస్తున్నాయి. ఇక్కడా స్వచ్ఛందంగా పాల్గొన్న సంస్థల మధ్యే పోటీ. వాటిలో అధిక భాగం మహానగరాలకు చెందినవే.

ఎచ్చెర్ల కొలతలు వేరు

శ్రీకాకుళం జిల్లాలో ఉంటూనే విజయనగరం లోక్‌సభ స్థానం పరిధిలోకి వచ్చే ఎచ్చెర్ల ఉన్నత విద్యకు చిరకాలంగా కేంద్రం. ఆంధ్ర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా 1977లో మొదలైన ప్రాంగణం 2008లో డాక్టర్‌ బి.ఆర్‌.అంబేడ్కర్‌ విశ్వవిద్యాలయంగా అవతరించింది. ఇదే మండలంలోని ఎస్‌.ఎం.పురంలో 2016లో మంజూరైన ట్రిపుల్‌ ఐటీ ఉంది. చిలకపాలెం పరిసరాల్లో ఇంజినీరింగ్‌ కళాశాలలు వెలిశాయి. ఇన్ని సంస్థలున్నా జాతీయ కొలమానం ఇక్కడి డిగ్రీ విద్యార్థికి ఎందుకు అనుకూలించదో ఒక్కో అంశాన్ని పరిశీలిస్తే స్పష్టమవుతుంది.

మొదటిది అధ్యాపకుల సంఖ్య. శాశ్వత అధ్యాపకుల నిష్పత్తి, వారి విద్యార్హతలు, అనుభవం బోధన మార్కులను నిర్ణయిస్తాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధన పోస్టుల భర్తీకి 2023లో ప్రకటనలు వెలువడినా ఆ ప్రక్రియ న్యాయ వివాదాల్లో చిక్కుకుంది. ఒప్పంద, అతిథి అధ్యాపకులపై ఆధారపడిన చోట ఎంత శ్రద్ధగా బోధన సాగినా ర్యాంకు లెక్కలో బలం చేకూరదు. ఈ లోపం ర్యాంకుతోనే ఆగదు. ఏటా మారే అధ్యాపకుడి వద్ద అకౌంటింగ్‌, మార్కెటింగ్‌ నేర్చుకునే విద్యార్థి నిజంగానే నష్టపోతాడు. ఈ విషయంలో జాతీయ కొలమానం ఎత్తిచూపేది వాస్తవమే.

రెండోది విద్యార్థుల వైవిధ్యం. ఇతర రాష్ట్రాల, దేశాల విద్యార్థులు ఎక్కువగా ఉంటే మార్కులు పెరుగుతాయి. చుట్టుపక్కల మండలాల పల్లెల నుంచి బస్సుల్లో, ఆటోల్లో వచ్చి చదువుకునే విద్యార్థులతో నిండిన కళాశాలకు ఈ పద్దులో దక్కేది స్వల్పం. అదే పల్లెల పిల్లలకు చదువు అందించడం ఆ కళాశాల చేస్తున్న అసలు సేవ. అయితే విద్యార్థినులకు, ఆర్థికంగా, సామాజికంగా వెనుకబడిన వర్గాలకు ఇచ్చే అవకాశాలకు కూడా ఇదే అంశం కింద మార్కులు ఉండటం కొంత ఊరట. ఈ అనుకూలతను లెక్కల్లో చూపించుకోవాలంటే ముందు వివరాలు సమర్పించాలి.

మూడోది ఉద్యోగాలు. సగటు కాక మధ్యస్థ వేతనాన్ని పరిగణనలోకి తీసుకుంటారు. అంటే అందరి జీతాలనూ వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమన నిలిచే మొత్తం. ఒకరిద్దరికి దక్కిన భారీ వేతనంతో ఇది మారదు. మంచి పద్ధతే అయినా మహానగరంలో, జిల్లా కేంద్రంలో ఒకే పనికి లభించే జీతాల మధ్య వ్యత్యాసాన్ని ఇది పట్టించుకోదు. శ్రీకాకుళంలో ఉద్యోగం చేస్తూ ఇంటి వద్దే ఉండే యువకుడి కంటే బెంగళూరులో అద్దెకే సగం జీతం చెల్లించే యువకుడు ఈ లెక్కలో మెరుగ్గా కనిపిస్తాడు.

నాలుగోది పేరు ప్రతిష్ఠ. విద్యావేత్తలు, యాజమాన్యాలు తమకు తెలిసిన సంస్థలకే ఓటు వేస్తారు. వలసల జిల్లాగా ముద్రపడిన ప్రాంతంలోని కళాశాల పేరు దేశ రాజధానిలో ఎందరికి తెలుస్తుంది?

పద్ధతి మారితే స్థానం తారుమారు

డిగ్రీ స్థాయి బిజినెస్‌ విద్యకు ప్రత్యేక ర్యాంకులు ఇస్తే సమస్య తీరుతుందా? ఆ ప్రయోగం ఇప్పటికే చేసిన అమెరికా అనుభవం భిన్నంగా ఉంది. 1881లో స్థాపితమైన వార్టన్‌ స్కూలు కాలం నుంచి ఆ దేశంలో బిజినెస్‌ విద్య డిగ్రీ స్థాయిలోనే వేళ్లూనుకుంది. బిజినెస్‌వీక్‌ పత్రిక 2006లో డిగ్రీ బిజినెస్‌ స్కూళ్లకు ర్యాంకులు మొదలుపెట్టింది. 2016లో లెక్కించే పద్ధతిని మార్చి యాజమాన్యాల అభిప్రాయానికి, విద్యార్థుల సర్వేకు, వేతనాలకు, ఇంటర్న్‌షిప్‌లకు ప్రాధాన్యమిచ్చింది. అంతకుముందు జాబితాలో 24వ స్థానంలో ఉన్న విల్లనోవా విశ్వవిద్యాలయ బిజినెస్‌ స్కూలు ఒక్కసారిగా మొదటి స్థానానికి చేరింది. పాఠాలు, అధ్యాపకులు అంత వేగంగా మారిపోరు. మారింది కొలబద్దే. ఆ తరువాత ఆ పత్రిక డిగ్రీ ర్యాంకులకు స్వస్తి చెప్పింది. యూఎస్‌ న్యూస్‌ ప్రకటించే డిగ్రీ బిజినెస్‌ ర్యాంకులైతే డీన్లు, సీనియర్‌ అధ్యాపకుల అభిప్రాయాల మీదే ఆధారపడుతున్నాయి.

ర్యాంకు కోసం అంకెలు మార్చిన ఉదంతమూ అక్కడిదే. ఫిలడెల్ఫియాలోని టెంపుల్‌ విశ్వవిద్యాలయ ఫాక్స్‌ బిజినెస్‌ స్కూలు ఆన్‌లైన్‌ ఎంబీఏకు అగ్రస్థానం దక్కించుకునేందుకు తప్పుడు వివరాలు సమర్పించిన కేసులో మాజీ డీన్‌ 2021లో దోషిగా తేలి, 2022లో 14 నెలల జైలుశిక్షకు గురయ్యారు. మన దేశంలోనూ సంస్థలు స్వయంగా ఇచ్చే వివరాలను సరిగా తనిఖీ చేయడం లేదన్న పిటిషన్‌పై 2025 మార్చిలో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ర్యాంకుల ప్రకటనపై మధ్యంతర స్టే ఇచ్చింది. ఆ అడ్డంకి తొలగిన తరువాతే సెప్టెంబరులో జాబితా విడుదలైంది.

2024తో మారిన చిత్రం

జాతీయ ర్యాంకు లేకపోయినా జాతీయ నియంత్రణ మాత్రం బీబీఏకు వచ్చింది. ఇంజినీరింగ్‌, ఎంబీఏ కోర్సులకు అనుమతులిచ్చే అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) 2024-25 విద్యాసంవత్సరం నుంచి బీబీఏ, బీసీఏ, బీఎంఎస్‌ కోర్సులను తన పరిధిలోకి తెచ్చుకుంది. ఈ కోర్సులు నడిపే సాధారణ డిగ్రీ కళాశాలలు మండలి అనుమతి పొందాల్సి వచ్చింది. అప్పటికే నడుస్తున్న కళాశాలలకు తొలుత కొన్ని సడలింపులు ఇచ్చినా, నమూనా పాఠ్యప్రణాళికను ప్రకటించి దేశవ్యాప్తంగా ఒక ప్రమాణానికి బాట వేసింది. ఈ కోర్సుల్లో చేరే పేద విద్యార్థినుల కోసం ఏడాదికి రూ.25 వేల చొప్పున 3,000 మందికి సరస్వతి ఉపకార వేతనాలను 2024లో ప్రకటించింది. జిల్లాలో అర్హులైన ఆడపిల్లలకు ఈ సమాచారం చేరవేయాల్సిన బాధ్యత కళాశాలలదే.

మరోవైపు ఐఐఎంలు సైతం ఇంటర్‌ విద్యార్థుల వైపు దృష్టి సారించాయి. ఇండోర్‌ ఐఐఎం 2011లో ఐదేళ్ల సమీకృత కోర్సు ప్రారంభించగా, రోహ్‌తక్‌ 2019లో అదే బాట పట్టింది. బుద్ధగయ, జమ్మూ ఐఐఎంల ఐదేళ్ల కోర్సుల్లో ప్రవేశానికి 2021 నుంచి జిప్‌మ్యాట్‌ పరీక్ష నిర్వహిస్తున్నారు. కోజికోడ్‌ ఐఐఎం 2025లో కోచిలో డిగ్రీ స్థాయి మేనేజ్‌మెంట్‌ కోర్సు చేపట్టింది. అగ్రశ్రేణి సంస్థలు డిగ్రీ స్థాయికి దిగివస్తున్న తరుణంలో జిల్లా కళాశాలల బీబీఏకు పోటీ మరింత పెరగనుంది. బీఎస్సీ, బీకాం, బీటెక్‌ చదివినవారూ ఐసెట్‌ రాసి ఎంబీఏలో చేరుతున్నందున, మూడేళ్ల బీబీఏ చదివినవారికి అదనంగా ఏం ఒరుగుతుందన్న ప్రశ్నకు కళాశాలలు సమాధానం సిద్ధం చేసుకోవాలి.

అడగాల్సిన అయిదు ప్రశ్నలు

ర్యాంకు చెప్పని సంగతులను విద్యార్థి స్వయంగా తెలుసుకునే మార్గం ఉంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొన్న ప్రతి సంస్థా తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైటులో ఉంచాలన్నది నిబంధన. ఆ పత్రాల్లో మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ వివరాలు వేర్వేరు పట్టికలుగా ఉంటాయి. ఎందరు చేరారు, గడువులోగా ఎందరు పూర్తిచేశారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ వేతనమెంత, ఎందరు పైచదువులకు వెళ్లారు అన్న అంకెలన్నీ అందులో లభిస్తాయి. ప్రచార పత్రంలోని ర్యాంకు కంటే ఈ పట్టికలోని డిగ్రీ వరుసే విద్యార్థికి అవసరమైన సమాచారం.

కళాశాల ఏదైనా చేరేముందు అయిదు విషయాలు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం శ్రేయస్కరం.

1. ప్రచారంలోని ర్యాంకు ఏ విభాగంలో, ఏ సంవత్సరంలో వచ్చింది?
2. బీబీఏ బోధించే శాశ్వత అధ్యాపకులు ఎందరు?
3. గత మూడేళ్లలో చేరినవారిలో గడువులోగా డిగ్రీ పూర్తిచేసినవారు ఎందరు?
4. ఇంటర్న్‌షిప్‌ ఎక్కడ, ఎన్నాళ్లు చేయిస్తారు?
5. అత్యధిక వేతనం కాదు, మధ్యస్థ వేతనం ఎంత?

వీటికి సూటిగా జవాబివ్వని సంస్థ ఎంత పెద్దదైనా ఆలోచించాల్సిందే. సూటిగా జవాబిచ్చే సంస్థ ఎచ్చెర్ల చుట్టుపక్కలే ఉన్నా దానిని తోసిపుచ్చనక్కర్లేదు.

పాఠశాల కావాల్సింది జిల్లాయే

రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను భాగం చేశారు. కాగితం మీద ఇది గొప్ప అవకాశం. పలాస జీడిపప్పు పరిశ్రమ, పొందూరు ఖద్దరు, నెల్లిమర్ల జనపనార మిల్లు, పైడిభీమవరం ఔషధ కర్మాగారాలు, సుమారు 193 కిలోమీటర్ల తీరం వెంబడి సాగే మత్స్య వ్యాపారం, మూలపేట ఓడరేవు, భోగాపురం విమానాశ్రయం... మేనేజ్‌మెంట్‌ విద్యార్థికి ఇంతకు మించిన ప్రయోగశాల మరెక్కడ దొరుకుతుంది? జీడి పిక్క ధర ఏ నెలలో ఎందుకు పడిపోతుందో, పొందూరు నేతగాడికి, దుకాణంలోని కొనుగోలుదారుకు మధ్య ఎన్ని చేతులు మారుతున్నాయో లెక్కగట్టిన విద్యార్థి నేర్చుకునేది ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు. ధ్రువపత్రం కోసం మొక్కుబడిగా ముగించే ఇంటర్న్‌షిప్‌ వల్ల మాత్రం కళాశాలకు, విద్యార్థికి ఇద్దరికీ ప్రయోజనం సున్నా.

ఈ దిశలో అడుగు ముందుకు పడాలంటే మూడు పనులు జరగాలి. విశ్వవిద్యాలయం తన పరిధిలోని కళాశాలల బీబీఏ, బీకాం ఫలితాలు, ఉద్యోగాల వివరాలను కళాశాలల వారీగా ఏటా బహిరంగపరచాలి. కళాశాలలు ర్యాంకు వస్తుందా రాదా అన్న జంకు వీడి జాతీయ విధానంలో వివరాలు సమర్పించాలి. తొలి ఏడాది స్థానం దక్కకపోయినా తమ లోటు ఎక్కడుందో తెలుస్తుంది. ప్రభుత్వం అధ్యాపక ఖాళీలను భర్తీ చేయాలి. బీబీఏను తన గొడుగు కిందకు తెచ్చుకున్న సాంకేతిక విద్యామండలి ఆ కోర్సు వివరాలను విడిగా సేకరించి ప్రచురిస్తే దేశవ్యాప్తంగా విద్యార్థులకు మేలు జరుగుతుంది. ర్యాంకులు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, అంకెలు అందుబాటులో ఉంటే చాలు.

పొలం తాకట్టు పెట్టో, ఫైనాన్స్‌లో అప్పు తెచ్చో కొడుకునో కూతురినో దూరాన ఉన్న నగరానికి పంపే కుటుంబానికి మూడేళ్ల బీబీఏ చిన్న ఖర్చు కాదు. ఆ సొమ్ముకు తగిన చదువు దక్కుతుందో లేదో తెలుసుకునే హక్కు వారికి ఉంది. మరొక కోర్సుకు వచ్చిన ర్యాంకు చూపి ఆ ప్రశ్నను దాటవేసే అవకాశం ఏ విద్యాసంస్థకూ ఇవ్వరాదు.